చిన్న పనికి ఏ ఉలి కొనాలి

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చదివిన ప్రసంగం)



మాది లక్క బొమ్మల పని చేసుకునే సంఘం. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. ఈ ఏడాది సామాన్ల కోసం మేము లోను తీసుకున్నాం. అప్పటి నుంచి చాలామంది అక్కలు ఒకటే ప్రశ్న: "ఏటమ్మా, అంత లోను శాంక్షనయితే మనిషికి మూడు ఉలులేనా కొన్నారు? మిగతా డబ్బు ఏటయింది?" అడగడం న్యాయమే, సమాఖ్య డబ్బు అందరిదీ కదా. అందుకే లెక్కతోపాటు ఆ మూడు ఉలుల సంగతి కూడా చెప్తాం.

ఇంతకుముందు మా సంఘంలో ఆడవాళ్లం రంగు వేయడం, పూసలు గుచ్చడం, ప్యాకింగు వరకే చేసేవాళ్లం. లేత్ మిషన్ మీద కర్ర తిప్పి చెక్కేది వేరేవాళ్లు. చెక్కిన ముక్క మీదే డబ్బు ఎక్కువ, మాకు వచ్చేది గుచ్చుడు కూలి. ఈ ఏడాది ఎనిమిది మందిమి లేత్ నేర్చుకున్నాం. మాకు వచ్చే ఆర్డర్లన్నీ చిన్నవే: చెవి దిద్దులు, జుమ్కీలు, పూసలు, కుంకుమ భరిణె మూత మీద బొడిపె. శనగగింజంత పని.

ఈ చిన్న పనిలో చిక్కు ఒకటుంది. మనం అంకుడు కర్ర ముక్కను ఒక చివర మిషన్ తలలో కొట్టి బిగిస్తాం, రెండో చివరకు ఆధారం ఉండదు. బొంగరమంత లావు ముక్క అయితే ఉలి గట్టిగా నొక్కినా తట్టుకుంటుంది. దిద్దు మెడ అగ్గిపుల్లంత సన్నం. నొక్కితే వంగుతుంది, వణుకుతుంది, పుటుక్కున విరుగుతుంది. అంకుడు తెల్లగా, మెత్తగా ఉండే కర్ర. మొద్దు ఉలి దాన్ని కొయ్యదు, పీకుతుంది. పీకిన చోట గరుకు, గరుకు మీద లక్క సరిగ్గా పట్టదు. శిక్షణలో మాకు ఇచ్చినవి పెద్ద బొమ్మలకు వాడే వెడల్పు ఉలులు. వాటితో దిద్దులు చేస్తే విరిగిన ముక్కలకు కూలి కోత పడింది. చేతిలో నేర్పు లేదన్నారు గాని, ఉలి వెడల్పు ఎవరూ చూడలేదు.

సామాన్లు కొనడానికి వెళ్తే ఒక దుకాణంలో పన్నెండు ఉలుల పెట్టె చూపించారు. పెట్టె చూడ్డానికి పెళ్లి సారెలా ఉంది. కార్బైడ్ మొన పెట్టినవి కూడా చూపించి, "వీటికి సాన అక్కర్లేదమ్మా" అన్నారు. కార్బైడ్ చాలా గట్టిదే, ఇనుము తిప్పేవాళ్లకు అది దేవుడు. కానీ పెళుసు. అందుకని దాని అంచు కాస్త మందంగా ఉంచుతారు. పదును పోతే మన సానరాయికి లొంగదు, డైమండ్ రాయి కావాలి. మెత్తటి కర్రలో సన్నటి పనికి కావలసింది గట్టిదనం కాదు, పలచటి పదును. పన్నెండింటిలో మా పనికి పనికొచ్చేవి మూడే అని తేలింది. ఆ మూడే విడిగా తీసుకున్నాం.

ఒకటి, పావు అంగుళం గాడి ఉలి. కొన గోరులా గుండ్రంగా అరగదీసినది. వంపులు, పల్లాలు దీనితోనే. రెండోది అర అంగుళం ఏటవాలు ఉలి, స్క్యూ అంటారు. పూస గుండ్రం నున్నగా వచ్చేది దీనితో. అయితే దీనికి కాస్త పొగరు. పై మూల కర్రకు తగిలిందంటే ముక్క ఎగిరిపోతుంది. అంచులో కింది సగంతోనే కొయ్యాలి. మూడోది రెండు మిల్లీమీటర్ల మందం కోత ఉలి, ముక్కను విడదీయడానికి. దీని మందం ఎందుకు చూడాలంటే, పూసకీ పూసకీ మధ్య ఆ మందమంత కర్ర పొట్టయిపోతుంది. ఐదు మిల్లీమీటర్లది వాడితే ప్రతి కోతకూ మూడు మిల్లీమీటర్లు అదనంగా పోతుంది. వంద కోతలకు అడుగు కర్ర.

మూడూ హైస్పీడ్ స్టీలువే తీసుకున్నాం. మామూలు ఉక్కు ఉలికి కూడా మంచి పదునొస్తుంది గాని, సాన చక్రం మీద వేడెక్కి నీలం రంగు తిరిగితే ఆ మేర మెత్తబడిపోతుంది. దాన్ని మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టాలి. పాత ఆకురాయిని అరగదీసి ఉలి చేసుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఆకురాయి ఉక్కు కూడా పెళుసే. ఆధారం కమ్మీకి దూరంగా చాచి పడితే విరిగి ముఖం మీదకు రావచ్చు. మేము వద్దనుకున్నాం.

మిగిలిన డబ్బుతో సాన చక్రం, నున్నటి సానరాయి, కళ్లద్దాలు కొన్నాం. దీనికే కొందరికి కోపం. కానీ కొన్న ఉలి కంటే సాన పట్టిన ఉలే పని చేస్తుంది. పదును వెనకున్న ఏటవాలు భాగాన్ని రాయి మీద పూర్తిగా ఆనించి రుద్దాలి. రెండో వైపు గోటికి సన్నటి పోగులా తగిలితే అంచు దాకా అరిగినట్టు. ఆ పోగు కూడా తీసేయాలి. తర్వాత వృథా ముక్క మీద చూడాలి. పొట్టు రిబ్బనులా వస్తే పదునుంది, దుమ్ములా రాలితే లేదు. మేము దిద్దులు చేసేటప్పుడు పని మధ్యలో చాలాసార్లు రాయి మీదకు వెళ్తాం. అది టైం వేస్టు కాదు.

పట్టే తీరు కూడా చెప్పాలి. ఆధారం కమ్మీ కర్రకు దగ్గరగా ఉండాలి, తగలకూడదు. దాన్ని జరపాలంటే మోటారు ఆపాలి. కోత ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికే. ఆధారం లేని చివర ముందు చెక్కుకుని తల వైపు రావాలి, సన్నటి మెడ ఆఖర్న తియ్యాలి. ఇంకొకటి. చిన్న ముక్కకు వేగం తగ్గించాలని చాలామంది అనుకుంటారు. సెంటీమీటరు పూస ఒక చుట్టు తిరిగితే ఉలి ముందు మూడు సెంటీమీటర్ల కర్రే వెళ్తుంది, ఐదు సెంటీమీటర్ల బొమ్మ అయితే పదిహేను పైనే. అందుకే చిన్నదానికి వేగం ఎక్కువ పెట్టి, ఉలి తేలిగ్గా ఆనించాలి. ముక్క గట్టిగా బిగిసిందో లేదో ముందు చూసుకోవాలి.

చీర కొంగు, జడ, గాజులు, మెడలో గొలుసు, చేతికి గ్లౌజులు: మిషన్ దగ్గర ఇవేవీ వేలాడకూడదు. కొంగు దోపి, జడ ముడేసి, గాజులు తీసి కూర్చోవాలి. మొదట్లో మా ఇళ్లలో పెద్దవాళ్లు గాజులు తీయడానికి ఒప్పుకోలేదు. ఒకరోజు వాళ్లను తీసుకొచ్చి, మిషన్ తిరుగుతుంటే దూరం నుంచి చూపించాం. ఇంకేమీ అనలేదు.

బిల్లులన్నీ గ్రామ సంఘం పుస్తకంలో అంటించి ఉన్నాయి. మిగిలిన సొమ్ము వాయిదాలో జమ చేశాం. సమావేశం అయ్యాక సాన చక్రం గ్రామ సంఘం గదిలోనే ఉంటుంది. లేత్ పని చేసే అక్కలు మీ ఇంట్లో ఉన్న పాత ఉలులు తెచ్చుకోండి. ఏది చిన్న పనికి పనికొస్తుందో కలిసి చూసి, అక్కడే సాన పట్టుకుందాం.