పెండింగు జాబితా చూసి ఆఫీసును అంచనా కట్టవచ్చునా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో రిటైరయినవారికి పొద్దున పేపరు, సాయంత్రం టి.వి. తప్పనిసరి. రెండూ ముగించి మనం అనే మాట ఒకటే: "ఈ దేశం బాగుపడదు." ఆ మాట మనతో ఆగితే ఫరవాలేదు. పక్కగదిలో చదువుకుంటున్న మనవడు, మనవరాలు వింటున్నారు. తాతయ్యే అలా అంటుంటే ఇక్కడ ఉండి చేసేదేముందని వాళ్లు అనుకోరా? అందుకే ఈ విషయం మాట్లాడదలచాను.

పత్రికలవారు దేశంమీద కక్షతో రాస్తున్నారని నేననను. మనం సర్వీసులో ఉండగా నెలనెలా పెండింగు ఫైళ్ల జాబితా తయారుచేసి పైకి పంపేవాళ్లం. పరిష్కారమైన ఫైలు రికార్డు రూముకు పోయేది, దాని ఊసు ఆ జాబితాలో ఉండదు. జాబితా అబద్ధం కాదు. కాని అదొక్కటే చూసినవాడు ఆ ఆఫీసులో ఎవరూ పని చేయడం లేదనుకుంటాడు. పేపరూ అంతే.

నారికురుపు సంగతి చూడండి. దిగుడుబావి నీళ్లు తాగినవారి కాల్లోనుంచి మూరెడుకు పైగా పొడవున్న పురుగు బయటికి వచ్చేది. సేద్యం పనులమీద ఉండవలసిన మనిషి వారాల తరబడి మంచాన పడేవాడు. 1980 దశకం మొదట్లో ఈ జబ్బున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. దానికి టీకా లేదు, నయంచేసే మందు లేదు. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, బోర్లు వేశారు, నీళ్లు గుడ్డతో వడపోసుకోండని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి సర్టిఫికెట్టు ఇచ్చింది. ఈ సభలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? "నిన్న కూడా ఎవరికీ నారికురుపు రాలేదు" అని ఏ పేపరు వేస్తుంది?

1994 సెప్టెంబరులో సూరత్‌లో వచ్చిన ప్లేగు మాత్రం అందరికీ గుర్తుంది. లక్షలమంది ఊరొదిలి పారిపోవడం, విదేశాలు విమానాలు ఆపడం రోజూ చదివాం. చనిపోయినవారు 60 మందిలోపే. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు ఆ మురికి ఊరిని దేశంలోని శుభ్రమైన నగరాల వరుసలో నిలబెట్టారు. ప్లేగుకు దొరికిన మొదటి పేజీ చీపురుకు దొరకలేదు.

అయితే మంచి వార్తలే రాయమందామా? అదీ చూశాం. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది, దానితో సెన్సారు వచ్చింది. 1977 దాకా పేపరు నిండా క్షేమమే, రైళ్లన్నీ వేళకే నడుస్తున్నాయని రాశారు. జైళ్లలో ఎవరున్నారో మాత్రం తెలియలేదు. అంత క్షేమం నాకొద్దు.

మన వెలిగొండ మాటే తీసుకోండి. 1996లో శంకుస్థాపన ఫొటోలు వేశారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారని మళ్లీ ఫొటోలు వేశారు. ఈ మధ్యలో పని ఆగినప్పుడల్లా ఆగిందని రాసినవారు, ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగినవారి బొమ్మలు వేసినవారు మనకు చెడు చేయలేదు. ఆ రెండు రోజుల పూలదండల ఫొటోలకన్నా ఆ చెడువార్తలే మనకు మేలు.

కాబట్టి నా ఫిర్యాదు చెడు రాసినందుకు కాదు, రాసి వదిలేసినందుకు. ఫలానా ఊళ్లో మంచినీటి పథకం మూలబడిందని వేస్తారు. బాగుచేశారా, లేదా? ఆ ఊరి పేరు మళ్లీ కనిపించదు.

ఇందుకు ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మన సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు తెరుద్దాం. మన మండలాల గురించి వచ్చిన ప్రతి చెడువార్తనూ తేదీతో రాసుకుని, మూడు నెలల తరువాత ఏమైందో విచారించి ఎదుటి కాలంలో రాద్దాం. బాగుపడితే ఆ సంగతి వేయమని ఆ పత్రికకే ఉత్తరం పంపుదాం. బాగుపడకపోతే అదీ పంపుదాం. దస్తూరి బాగున్నవారు ఇద్దరు, ఊళ్లు తిరగగల ఓపికున్నవారు నలుగురు కావాలి. పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. రిజిస్టరుకు రూళ్లు నేను గీసి తెస్తాను.