దుకాణానికి రాని కంప్యూటర్



1982లో అమెరికాలో విడుదలైన కొమడోర్ 64 ఇళ్లలో వాడుకునే కంప్యూటర్లలో బాగా అమ్ముడుపోయిన రకం. దాని తర్వాతి మోడల్ ‘కొమడోర్ 65’ రాబోతోందన్న మాట 1990ల మొదట్లో అభిమానుల నోళ్లలో నానింది. అనుమానించినవారికీ గట్టి కారణమే ఉంది. అదే కొమడోర్ కంపెనీ 1987 నుంచే 16 బిట్ల అమీగా 500ను అమ్ముతుంటే, మళ్లీ 8 బిట్ల యంత్రం ఎవరికి కావాలి?

నిప్పు లేనిదే పొగ రాదంటారు. కొమడోర్ 65 నమూనాలు నిజంగానే తయారయ్యాయి. కీబోర్డు ఉన్న పెట్టెలోనే మూడున్నర అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ అమర్చారు. మెమరీ 128 కిలోబైట్లు, అంటే పాతదానికి రెట్టింపు. 4,096 రంగుల్లోంచి ఎంచుకుని ఒకేసారి 256 రంగులు తెరపై చూపగలదు. పాత ప్రోగ్రాములు మాత్రం అన్నీ దానిపై సరిగా నడవలేదు.

చివరికి 1991లో కంపెనీ ఆ పనికి స్వస్తి చెప్పింది. 1994లో కంపెనీయే మూతపడటంతో, మూలపడిన నమూనాలు అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు వాటికోసం సేకర్తలు వేల డాలర్లు పోస్తున్నారు.

అంటే పుకారూ నిజమే, అనుమానమూ నిజమే. నమూనా తయారైనంత మాత్రాన సరుకు అంగడికి వస్తుందని కాదు. అందుకే రాబోయే మోడల్ గురించి ఎవరేం చెప్పినా, అది దుకాణంలోకి వచ్చేదాకా డబ్బు జేబులోనే ఉంచుకోండి.