మా లంకలు - మడ యడవులు



నేను నాగాయలంక ప్రాంతమున పుట్టి, ఆ చుట్టుపట్ల ఉన్నతపాఠశాలలలో ముప్పదియేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న బడిపంతులను. శాస్త్రజ్ఞుడను గాను, వ్యాకరణము చదివినవాడను. కావున మాటలతోనే మొదలిడుదును. మా ఊళ్ళ పేళ్ళను వినుడు. మాది దివిసీమ. దివి యనగా దీవి. నాగాయలంకలో లంక యనగా ఏటినడుమ మేటవేసిన నేల. ఏటిమొగలో మొగ యనగా ఏటి ముఖము. పాలకాయతిప్పలో తిప్ప యనగా ఇసుకమిట్ట. ఈ పేళ్ళలో గట్టినేల యను అర్థము నిచ్చు మాట యొక్కటియు లేదు. తాము నిలిచిన చోటు నీటి సొమ్మని బిడ్డలు మరవకుండుటకే పెద్దలిట్లు పేరిడిరేమో యని నాకు తోచును.

కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలై దివిసీమను చేతులతో చుట్టినట్లు చుట్టుచున్నది. ఒక పాయ హంసలదీవికడ సముద్రమున గలియును. రెండవది మా నాగాయలంక ప్రక్కగా దక్షిణమునకు సాగి, మరల చీలి కడలి చేరును. ఆ నది వేలయేండ్లు మోసితెచ్చిన ఒండ్రుమట్టియే మేము దున్ను నేల. ఘంటసాల శాతవాహనుల కాలమున రేవుపట్టణము. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో టాలెమీ యను గ్రీకు భూగోళజ్ఞుడు పేర్కొన్న రేవు అదియే యని పండితులు చెప్పుదురు. నేడచ్చట నిలుచున్నవానికి సముద్రఘోష వినబడదు. నది కడలిని అంతదూరము నెట్టినది.

ఇప్పుడా కథ మారినది. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియాయెను. 1957లో దానికి మారుగా ప్రకాశం బ్యారేజి వచ్చెను. పిమ్మట పైన నాగార్జునసాగరము, శ్రీశైలము లేచెను. ఇవి మనకన్నము పెట్టినవి. వీనిని నిందించుట కృతఘ్నత. కాని నీటితోపాటు దిగవలసిన ఒండ్రు ఆ జలాశయముల అడుగుననే నిలిచిపోవుచున్నది. ఏరు తెచ్చుట తగ్గినది. కడలి కోయుట తగ్గలేదు. ఇట్టి వేళ ఉన్న మట్టిని పట్టియుంచునది మాకొక్కటే కలదు: మడ యడవి.

మడచెట్టు చూపున కంత అందమైనది గాదు. తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్ళు బురదలోనుండి మేకులవలె పైకి లేచి గాలి పీల్చును. పోటు వచ్చినపుడు నీరు ఆ వేళ్ళనడుమ మెల్లబడి, తాను తెచ్చిన బురదను అచ్చట దించిపోవును. పాటు వేళ నీరు మరలినను బురద మరలిపోదు. ఆ వేళ్ళ చాటుననే రొయ్యపిల్లయు, పండుగప్ప పిల్లయు, మండపీతయు పెరుగును. కూలి దొరకని దినమున మా పల్లెకారు స్త్రీలకు ఆ కాలువలలోని పీతయు రొయ్యయునే కూరయు, కాసును. 1989లో ప్రభుత్వమువారు ఈ యడవులలో 194.81 చదరపు కిలోమీటర్లను కృష్ణా అభయారణ్యముగా ప్రకటించిరి. నీట మునిగి చేపలుపట్టు బావురుపిల్లి అచ్చట నేటికిని కలదు.

మడ విలువను మాకు తెలిపినది 1977 నవంబరు 19, శనివారము. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. కార్తికమాసము, శుద్ధపక్షమున అష్టమి దాటిన దినము. అష్టమీ నవములలో పోటు మందముగా నుండునని పడవవారందరు ఎరుగుదురు. అట్టి మందపు పోటు దినముననే సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి దివిసీమను ముంచెను. ప్రభుత్వపు లెక్కలోనే మృతులు పదివేలకు దగ్గర. పౌర్ణమినాడు వచ్చియుండిన ఏమయ్యెడిదో తలచుకొనుటకే భయమగును. నాలుగు దినముల తరువాత శవములను పూడ్చు జట్టుతో నేను సొర్లగొంది వైపు నడిచితిని. తాడిచెట్లను కౌగిలించుకొని బ్రతికినవారు మాటలాడలేక చేతులు మాత్రము చూపిరి. బందరున 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో ముప్పదివేలమంది పోయిరని మా తాతగారు చెప్పగా, అది పురాణకథవలె వినియుంటిని. ఆ దినముతో అది పురాణము గాకపోయెను.

మడ యుండిన ఉప్పెన రాదని నేననను. పెద్ద ఉప్పెనకు తుఫాను హెచ్చరికయు, ఎత్తయిన రక్షణభవనమును ఉండితీరవలెను. అయినను 1999లో ఒడిశాను కొట్టిన మహాతుఫానున, కేంద్రపడా జిల్లాలో మడ వెడల్పుగా నిలిచిన చోట ఊళ్ళలో చావులు తక్కువయయ్యెనని పరిశోధకులు లెక్కకట్టి చూపిరి. మడ నీటి నాపలేదు. నీటి పొగరు నడచినది.

ఇంత యెరిగిన నేనేమి చేసితినో చెప్పకున్న ఈ ప్రసంగము బూటకమగును. 1993లో రొయ్యల చెరువుల జోరు మా సీమకు వచ్చెను. మురుగుకాలువ ప్రక్క నాకు రెండెకరముల వరిచేను కలదు. వరికి వచ్చుదానికి మూడింతల కౌలు ఇచ్చెదమనగా చెరువునకు ఇచ్చితిని. కూతురి పెండ్లి నెపము, ఆశ నిజము. పోటునీటిని కాలువనుండి తోడి చెరువు నింపిరి. రెండేండ్లు బాగుగనే సాగెను. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు కోస్తా అంతటను వ్యాపించి రొయ్యలను తుడిచిపెట్టెను. కౌలుదారు చేతులెత్తి వెడలిపోయెను. ఉప్పు మాత్రము వెడలలేదు.

ఒకనాటి యుదయమున పొరుగు రైతు నన్ను గట్టుమీదికి పిలిచి, ఎర్రబారిన తన వరిని చూపి యిట్లనెను: “పంతులుగారూ, కౌలు తమకొచ్చింది, ఉప్పు నాకొచ్చింది.” నేను నాకందిన కౌలులో సగమాయన చేత పెట్టబోతిని. పుచ్చుకొనలేదు. “డబ్బిస్తే ఉప్పు పోతుందాండీ?” అనెను. నాకు జవాబు దొరకలేదు. ముప్పదియేండ్లు పిల్లలకు నీతిపద్యములు చెప్పినవాడను. ఆ రెండు మాటలకు సరియైన పద్యము నాకింతవరకు గుర్తునకు రాలేదు. తీపినీరు నిలిపి, కడిగి, జీలుగ చల్లి దున్నిన ఆరేండ్లకు మా యిద్దరి నేలయు మరల వరి కొప్పుకొనెను.

రొయ్యల పెంపకమే పాపమని నా యభిప్రాయము గాదు. దానిమీద బ్రతుకు కుటుంబములు వేలు. కాని ఎచ్చట త్రవ్వవలె ననునది ప్రశ్న. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఈ విషయమై కఠినమైన తీర్పు చెప్పెను. 2005లో తీర జలసాగునకు ప్రత్యేక చట్టము వచ్చెను. అయితే కాగితముమీది గీత నీటికి తెలియదు. గట్టుమీద నిలుచు మనకు తెలియవలెను.

చెడినది బాగుపడు ననుటకును సాక్ష్యము కలదు. పోటునీరు ఎక్కి దిగు దారి పూడినచోట నీరు నిలిచి, ఎండకు ఇంకి, ఉప్పు హెచ్చి మడ చచ్చిపోవును. అట్టిచోట్ల అటవీశాఖవారును, స్వామినాథన్ పరిశోధనాసంస్థవారును, గ్రామస్థులును గూడి చేపముల్లువలె కాలువలు త్రవ్వించి, పోటును మరల లోనికి రప్పించి మొక్కలు నాటిరి. మడకు ఎరువక్కరలేదు, కంచె యక్కరలేదు. దానికి కావలసినది రోజునకు రెండుమారులు వచ్చిపోవు నీరు మాత్రమే.

పెద్దలారా, మీ మాట గ్రామసభలో చెల్లును. అందుచే మూడు విన్నపములు. చెరువునకు నేల నిచ్చు తీర్మానము వచ్చినపుడు కౌలెంత యని యడుగుటకు ముందు, వాడిన నీరు ఎవరి చేనికి పోవునని యడుగుడు. పోటుకాలువకు అడ్డుకట్ట వేయువాడు మీ బంధువే యైనను వారింపుడు. వంటచెరకునకు మడ నరకు పేదయింటిని గద్దింపక, ఆ యింటికి గ్యాసుబండయు పనియు దొరకునట్లు చూడుడు.

మన బిడ్డలకు మనము వ్రాసియిచ్చు దస్తావేజులో ఎకరములు, సెంట్లు, సరిహద్దులు ఉండును. తూర్పున సముద్రము అని వ్రాసినచోట, ఆ సముద్రము వ్రాసినచోటనే నిలుచునట్లు చూచుటయు మన బాధ్యతయే. నా పొరుగు రైతు ఇప్పుడు లేడు. ఆయన గట్టుమీద నిలిచి యడిగిన ప్రశ్నకు నేను చెప్పగల జవాబు ఈ నాలుగు మాటలే.

సెలవు.