లంబాలైన్ రన్‌వే – మనకు అది ఏమిటి?

(జంగ్లీఘాట్‌లో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఇంటర్ చదివి సిపాయిగా భర్తీ అయ్యాను. సుబేదార్‌గా పెన్షన్ వచ్చాను. సర్వీసులో కొంతకాలం ఇక్కడే బ్రిచ్‌గంజ్‌లో ఉన్నాను. మన ఎయిర్‌పోర్టు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. మనలో చాలామంది ఈ దీవుల్లో మొదట కాలు పెట్టింది అక్కడే కాబట్టి ఒప్పుకున్నాను.

ఈ రన్‌వే పుట్టుక అంత సంతోషకరమైనది కాదు. 1942 మార్చి 23న జపాను సైన్యం పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించింది. యుద్ధ విమానాలు దిగడానికి లంబాలైన్ దగ్గర నేల చదును చేయించింది. పని చేసింది ఇక్కడి జనమే. ఇష్టపడి చేసింది కాదు, తుపాకీ నీడన చేసిన వెట్టి. తిండి గింజలు కరువైన రోజుల్లో రాళ్లు మోశారు, మట్టి తవ్వారు. వాళ్లకు శిలాఫలకాలు వేసినవాళ్లు లేరు.

ఆ నేల మీదే 1943 డిసెంబరు 29న నేతాజీ సుభాష్ చంద్రబోస్ విమానం దిగింది. మరునాడు జింఖానా మైదానంలో ఆయన త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఒకే నేలమీద ఒకవైపు వెట్టి చాకిరీ, ఇంకోవైపు స్వాతంత్ర్యపు కబురు! చరిత్ర ఇలాగే కలగాపులగంగా ఉంటుంది. 1945 అక్టోబరులో జపాను వాళ్లు లొంగిపోయారు. వాళ్లు పోయారు గాని రన్‌వే మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు మనవాళ్లకు ఓడే గతి. విశాఖ, మద్రాసు, కలకత్తా, ఏది చూసినా ఇక్కడికి దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడ మీద సుమారు మూడు రోజులు. అదీ రోజూ ఉండదు. కలకత్తా నుంచి వచ్చే విమానం ఒకప్పుడు రంగూన్‌లో ఆగి పెట్రోలు పోసుకుని వచ్చేదని పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చి ఈ జంగ్లీఘాట్ రేవులో వలలు వేసుకున్న కుటుంబాలకు ఊళ్లో చావు కబురు అందేసరికి అక్కడ పెద్దకర్మ కూడా అయిపోయేది. ఈ మాట ఇక్కడ కూర్చున్న పెద్దలకు నేను చెప్పనక్కర లేదు.

1985లో నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోష్ ఏర్పడింది. రన్‌వే నేవీది, టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. దీన్నే సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. 2001లో త్రివిధ దళాలను ఒకే కమాండర్ కింద ఉంచే అండమాన్ నికోబార్ కమాండ్ వచ్చింది. సెల్యులార్ జైలులో శిక్ష అనుభవించిన సావర్కర్ పేరును 2002లో ఎయిర్‌పోర్టుకు పెట్టారు.

మా యూనిట్లో సోంపేట వైపు కుర్రాడొకడు ఉండేవాడు. తండ్రికి సీరియస్ అని కబురొచ్చింది. ఓడ అంతకు ముందు రోజే వెళ్లిపోయింది. సీనియర్ జేసీవో సాబ్ తిరిగి తిరిగి తాంబరం వెళ్లే కొరియర్ విమానంలో ఒక సీటు ఇప్పించారు. మద్రాసులో రైలు పట్టుకుని తండ్రి ప్రాణం ఉండగా మొహం చూడగలిగాడు. రన్‌వే అంటే మాకు సిమెంటు, తారు కాదు. ఇదిగో ఇదీ.

2004 డిసెంబరు 26 సంగతి మీకందరికీ తెలుసు. కార్ నికోబార్‌లో వాయుసేన స్థావరం సముద్రం పాలైంది. సిబ్బంది, కుటుంబాల వాళ్లు కలిసి వంద మందికి పైగా పోయారు. ఇక్కడి రన్‌వే మీద కూడా పగుళ్లు వచ్చాయి. అయినా నిలబడింది. మేము ఫెటీగ్ పార్టీగా వెళ్లి బియ్యం బస్తాలు, మందుల పెట్టెలు, తాగునీళ్లు దించాం. దించిన విమానంలోనే గాయపడ్డవాళ్లను ఎక్కించేవాళ్లం. నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఆర్మీ, సివిలు అనే తేడా ఆ రోజుల్లో ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ దారికి మనవాళ్లు మూల్యం కూడా చెల్లించారు. 2016 జూలై 22న తాంబరం నుంచి ఉత్క్రోష్‌కు బయలుదేరిన ఏ.ఎన్.-32 విమానం 29 మందితో బంగాళాఖాతంపై మాయమైంది. అందులో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో సివిల్ ఉద్యోగులు. డ్యూటీ మీద వస్తున్నవాళ్లు. ఏడేళ్లకు పైగా ఆ ఇళ్లల్లో ఎదురుచూపే. 2024 జనవరిలో చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. నేను ఎక్కి తిరిగిన దారి అదే. ఆ కబురు పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక నేటి సంగతి. 2023 జూలై 18న ప్రధానమంత్రి కొత్త టెర్మినల్ ప్రారంభించారు. ఖర్చు సుమారు 710 కోట్లు, విస్తీర్ణం దాదాపు 40,800 చదరపు మీటర్లు, ఏడాదికి 50 లక్షల మందికి సరిపోతుంది. పైకప్పు ఆల్చిప్ప ఆకారం. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయ పురం అయింది. అదే ఏడు నవంబరులో కౌలాలంపూర్ నుంచి విమానం వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా ఉన్నవారు. వాళ్లందరికీ సొంత ఊరు ఇప్పుడు గంటల దూరంలో ఉంది.

మిలిటరీ టైమింగుల వల్ల సివిల్ విమానాలకు ఇబ్బంది అని కొందరంటారు. టూరిస్టుల వల్ల డ్యూటీకి అడ్డు అని మనవాళ్లలో కొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ సునామీ నాడు ఈ రన్‌వే ఇద్దరినీ కాపాడింది. సర్దుకుపోవడమే పద్ధతి.

చివరగా సంఘానికి రెండు మనవులు. ఒకటి, ఏటా జూలై 22న ఇక్కడ ఆ 29 మందికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. విశాఖ కుటుంబాలకు ఆ రోజు మన నుంచి ఒక ఉత్తరం వెళ్లాలి. రెండు, లంబాలైన్‌లో వెట్టి చేసినవారి పిల్లలు, మనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఏ భాషవారైనా సరే, ఇంట్లో విన్న కథలు చెప్పించి రాసి పెడదాం, వచ్చే సంచికలో వేద్దాం. ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లు ఉండరు.

 జై హింద్!