అక్క కోసం చూసిన నేల



ఏటా ఒక బాలసాహిత్య రచయితను తలుచుకునే ఈ వేదిక మీద ఈసారి లారా ఇంగల్స్ వైల్డర్ గురించి మాట్లాడతాను. 1867లో అమెరికాలోని విస్కాన్సిన్ అడవుల్లో పుట్టి, 65వ ఏట, 1932లో, 'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్' అనే తొలి పుస్తకం వెలువరించిన రైతు మహిళ ఆమె. రాతప్రతులను కూతురు రోజ్ వైల్డర్ లేన్ దిద్దింది. ఎంత దిద్దిందన్న వాదన ఇంకా తెగలేదు, దానిలోకి నేను పోను. ఆ పుస్తకాల్లోని గడ్డీ పూలూ మాత్రం లారా బాల్యంలో కళ్ళారా చూసినవి. చూడడం ఆమెకు ఎలా అబ్బిందో చెప్పాలని వచ్చాను.

1879లో అక్క మేరీకి జబ్బు చేసి చూపు పోయింది. లారాకు అప్పుడు 12 ఏళ్ళు. ఇకపై అక్కకు నువ్వే కళ్ళు అని తండ్రి ఆమెకు అప్పగించాడు. ఆ ఏడే రైలుమార్గం పనుల వెంట కుటుంబం డకోటా మైదానానికి చేరింది. కనుచూపు మేరా గడ్డే. చూపులేని మనిషితో 'అందంగా ఉంది' అంటే ఏం తెలుస్తుంది? గడ్డి మోకాలెత్తు ఉందా, నడుమెత్తు ఉందా, ఎండకు ఏ రంగుకు తిరిగింది, గాలికి ఎటు వాలింది, అడవి గులాబీలు ఏ పక్కన పూశాయి, అన్నీ విడమరచి చెప్పాలి. లారా కాస్త ఊహ కలిపితే మేరీ ఒప్పుకునేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమనేది. లారాకు రాత నేర్పిన బడి ఇదేనని నా నమ్మకం.

అలా చూసిన కన్ను కథకు అక్కరలేని నిజాన్ని కూడా పట్టుకుంటుంది. 'బై ద షోర్స్ ఆఫ్ సిల్వర్ లేక్'లో లారా పసి చెల్లెలు గ్రేస్ తప్పిపోతుంది. నిలువెత్తు గడ్డి పెరిగిన బురదనేలలో చిక్కుకుందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. చివరికి ఒక గుండ్రటి పల్లంలో, విరగబూసిన వయొలెట్ల మధ్య ఆ పిల్ల లారాకు కనిపిస్తుంది. అడవిదున్నలు ఏళ్ళ తరబడి పొర్లాడగా ఏర్పడిన పల్లం అది. లక్షల దున్నలు అప్పటికే తుపాకులకు బలైపోయాయి. పిల్ల దొరికిన సంతోషంలో మనం పేజీ తిప్పేస్తాం. ఆ పల్లం చేసినవేవో, అవేమయ్యాయో పూలు చెబుతూనే ఉంటాయి.

డకోటాకు ముందు ఆ కుటుంబం ఉన్న కాన్సస్ సంగతి ఇంకా బాధాకరం. 1869లో ఇంగల్స్ కుటుంబం ఇల్లు కట్టుకున్నది ఓసేజ్ ఆదివాసుల భూమిలో. అక్కడ స్థిరపడడానికి వలసదారులకు హక్కు లేదు. 1935 నాటి 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' ఆ నేలను మనుషులు లేని చోటుగా వర్ణించింది. 1953లో ఆ వాక్యాన్ని సవరించారు. ఆదివాసుల చిత్రణ కారణంగా 2018లో ఆమె పేరిట ఉన్న పురస్కారం పేరు కూడా మార్చారు. ఆ నిర్ణయం న్యాయమైనదే. అయినా అదే పుస్తకంలో, ఇంటి పక్కనుంచే, గడ్డిలో అరిగిన పాత కాలిబాట ఒకటి పోతుంది. ఓసేజ్‌లు నడిచిన బాట. నేల ఖాళీగా లేదని లారా కన్ను చూసింది. ఆమె చుట్టూ ఉన్న పెద్దలే ఒప్పుకోలేకపోయారు.

కనుమరుగైన మరో జీవిని ఆమె కన్ను ఎలా పట్టుకుందో తెలియాలంటే, మిన్నెసోటాలో గోధుమ పైరును మేసేసిన మిడతల దండు గురించి 'ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ ప్లమ్ క్రీక్' చదివితే చాలు. ఆకాశాన్ని కమ్మిన ఆ మిడతజాతి 20వ శతాబ్దం తొలినాళ్ళకే అంతరించింది.

పెళ్ళయ్యాక డకోటాలో చెట్లే ఆమె బతుకును పరీక్షించాయి. 1873 చట్టం ప్రకారం చెట్లు పెంచినవారికి 160 ఎకరాలు దక్కేవి. 10 ఎకరాల్లో పెంచితే చాలని 1878లో సవరించారు. చెట్లుంటే వానలొస్తాయని అప్పటి ఆశ. భర్త అల్మాంజో నాటిన మొక్కలు కరువుకు, వేడిగాలికి మాడిపోయాయి. అప్పులతో, అనారోగ్యంతో కుంగి 1894లో వాళ్ళు మిస్సోరిలోని మాన్స్‌ఫీల్డ్‌కు తరలి, రాళ్ళ గుట్టల మీద ఆపిల్ తోట వేశారు. ఆ చెట్ల నీడన కూర్చునే ఆమె చెట్లు లేని మైదానం గురించి రాసింది. మెట్ట సేద్యం ఎరిగిన మన రాయలసీమ, పాలమూరు పాఠకులకు ఆ మాడిన మొక్కల బాధ విడమరచి చెప్పక్కర్లేదు. డకోటాలోని డి స్మెట్‌లో తండ్రి చార్లెస్ నాటిన కాటన్‌వుడ్ చెట్లు కొన్ని మాత్రం ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

పిల్లల కోసం రాస్తున్న మన రచయితలకు ఒక మనవి. 'చెట్టు కింద కూర్చున్నాడు' అని రాసి ఊరుకోకండి. తుమ్మా, కానుగా, మోదుగా చెప్పండి. అది ఏ నెలలో పూసిందో, ఆ నేల అంతకుముందు ఎవరిదో కనుక్కుని రాయండి. సంపాదకులు చోటు చాలలేదని ఆ వివరాన్ని కొట్టేయకుండా అచ్చు వేయండి.