పుత్రశోకము – అక్షరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పుత్రశోకమునకు మించిన శోకము లేదని పెద్దలు చెప్పుదురు. దశరథ మహారాజు పుత్రవియోగ దుఃఖముతోనే ప్రాణములు విడిచెను. బిడ్డ పోయిన ఇంటికి ఇరుగుపొరుగువారు పది దినములు వచ్చి కూర్చుండి వెళ్లుదురు. ఆ పిమ్మట ఆ బిడ్డ పేరెత్తుటకు ఎల్లరును జంకుదురు. ఆ మౌనములో బిడ్డ రెండవ మారు పోవును. మొదటి మరణమును ఎవరును ఆపలేరు. ఈ రెండవదానిని ఆపు శక్తి అక్షరమునకు కలదు.

విశాఖపట్టణమునకు సముద్రమే జీవనాధారము. 1933లో ఓడరేవు ప్రారంభమైనది మొదలు అది ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. ఆ సముద్రమే ఒక తండ్రికి తీరని దుఃఖమును కూడ తెచ్చినది.

గొల్లపూడి మారుతీరావుగారు 1939లో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, కథారచయితగా, నాటకకర్తగా, నటులుగా తెలుగువారికి సుపరిచితులైరి. వారి కుమారుడు శ్రీనివాస్ తన మొదటి చిత్రమగు 'ప్రేమ పుస్తకం'నకు దర్శకత్వము వహించుచు, 1992 ఆగస్టు 12వ తేదీన విశాఖ తీరమున సముద్రపు టలకు బలియయ్యెను.

తండ్రి ఆ చిత్రమును అంతటితో విడువలేదు. తామే దర్శకులై పూర్తిచేసిరి. అది 1993లో విడుదలయ్యెను. అటు పిమ్మట కుమారుని పేర ఒక పురస్కారము నెలకొల్పి, భారతీయ భాషలలో మొదటి చిత్రము తీసిన దర్శకులలో ఉత్తములను ఎన్నుకొని, ఆగస్టు 12న సత్కరించుచు వచ్చిరి. చదువు రాక అవస్థపడు బాలుని కథయగు 'తారే జమీన్ పర్' తీసిన ఆమిర్ ఖాన్ కూడ దానిని అందుకొనిరి. కుమారునికి మొదటి చిత్రమే కడపటిదైనది. ఆ మొదటి మెట్టుమీద నిలిచిన పరుల బిడ్డలకు తండ్రి చేయూత నిచ్చిరి.

వారి ఆత్మకథ పేరు 'అమ్మ కడుపు చల్లగా'. ఇది మన ఇండ్లలో నిత్యము వినబడు దీవెన. తల్లి కన్న బిడ్డలు చల్లగా నుండవలెననియే దాని భావము. బిడ్డను కోల్పోయిన తండ్రి తన జీవితకథకు ఆ పేరు పెట్టుట గమనింపదగినది. మారుతీరావుగారు 2019లో కన్నుమూసిరి. గ్రంథము మిగిలినది.

దేశము వేరైనను దుఃఖ మొక్కటియే. ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగో కుమార్తె లియోపోల్దీన్ 1843లో సేన్ నదిలో పడవ మునిగి మరణించెను. తండ్రి ఆ వార్తను ప్రయాణములో నుండగా పత్రికలో చదివి తెలిసికొనెను. 13 సంవత్సరములకు, 1856లో, ఆయన కవితాసంపుటము వెలువడినది. దానిని 'నాడు', 'నేడు' అని రెండు భాగములు చేసెను. ఆ రెంటి నడుమ నున్నది కుమార్తె మరణమే.

వ్రాసినంతమాత్రమున బిడ్డ తిరిగివచ్చునా యని కొందరడుగవచ్చును. రాదు. కాని ఆ బిడ్డను ఎన్నడును చూడనివారు కూడ ఆ పేరు తలచుకొందురు. అట్టి శోకమే కలిగిన మరియొక తల్లి ఆ పుటలు చదివి, తాను ఒంటరిని కానని తెలిసికొనును.

అందరును మహాగ్రంథములు వ్రాయనక్కరలేదు. బిడ్డ పేరు, పుట్టిన దినము, ముద్దుమాటలు, ఇష్టమైన ఆట, ఇవి ఒక నోటుపుస్తకములో వ్రాసిన చాలును. అక్షరములు రాని తల్లి చెప్పగా చదువుకొన్నవారు వ్రాసిపెట్టవచ్చును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము తన బీరువాలో ఒక అరను అట్టి పుస్తకములకు కేటాయించిన, అది గ్రామమునకు గొప్ప సేవ కాగలదు.