అద్దె ఇంటి లెక్క

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఉద్యోగ విరమణ చేసినవారు గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము చేతికి రాగానే ఒక ఫ్లాటు కొని అద్దెకిత్తమని తలచుట పరిపాటి. ముప్పది యేండ్ల కష్టార్జితము ఒక్క సంతకముతో చేయి దాటిపోవునపుడు, ఆ సంతకమునకు ముందే కొన్ని సంగతులు విచారించుకొనుట మేలు. విశాఖపట్టణమును దృష్టిలో నుంచుకొని వానిని ముచ్చటింతము.

ఈ నగరమున అద్దె ఇండ్లకు గిరాకి పుట్టించినవి ఇచ్చటి పనిపాటలే. 1933లో నౌకాశ్రయము ప్రారంభమైనది. 1941లో సింధియా కంపెనీవారి నౌకా నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. అచ్చట తయారైన ‘జల ఉష’ 1948లో నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాదిరాయి వేయగా, 1992లో అది జాతికి అంకితమైనది. వీనితోబాటే మల్కాపురము, గాజువాక, కూర్మన్నపాలెము మొదలగు చోట్ల వాటాల ఇండ్లు వరుసలు తీరినవి. కావున ఇల్లు కొనదలచినవారు గోడలు, గచ్చులు చూచుటకు ముందు, ఆ వీధినుండి ఎవరు ఏ పనికి ఎంత దూరము పోవుచున్నారో చూడవలెను. షిఫ్టులలో పనిచేయువానికి సముద్రపు దృశ్యముకంటె ఫ్యాక్టరీ గేటు దగ్గరగా నుండుట ముఖ్యము. అయితే ఒక్క కర్మాగారమునే నమ్ముకొన్న పేటలో, ఆ కర్మాగారమున పనివారు తగ్గినచో టు-లెట్ బోర్డులు పెరుగుననుటయు మరువరాదు.

ఇక లెక్క చూతము. ఇది ఊహించి వేసిన లెక్క మాత్రమే. ఫ్లాటు వెల 60 లక్షలనియు, నెలకు అద్దె 14,000 రూపాయలనియు అనుకొందము. ఏడాదికి 1,68,000 రావలెను. ఒక నెల ఖాళీగా నున్నచో మిగులునది 1,54,000. ఇంటిపన్ను, సంఘపు చందా, సున్నము, మరమ్మతులు కలిపి 34,000 పోగా చేతికి వచ్చునది 1,20,000. అనగా పెట్టుబడిపై నూటికి రెండు రూపాయలు! ఇందులో 45 లక్షలు నూటికి 9 వడ్డీకి 20 ఏండ్ల గడువుతో బ్యాంకులో తెచ్చినదైనచో, నెల వాయిదా సుమారు 40,500 అగును. ఖర్చులు పోగా అద్దెవలన నెలకు వచ్చునది 10,000 మాత్రమే. తక్కిన 30,500 జీతమునుండియో పెన్షనునుండియో చెల్లింపవలసినదే. స్థలము ధర పెరుగునను ఆశతో ఈ లోటును భరింపవచ్చును. కాని అది ఆశయే గాని ఆదాయము కాదు. ఆదాయపు పన్నులో మాత్రము కొంత వెసులుబాటు కలదు: యజమాని చెల్లించిన ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులను, మరమ్మతులు చేయించినను చేయింపకున్నను, తగ్గింతురు.

అందుచేత క్రొత్తగా దిగువారికి మా సలహా యిది: ఉన్న ఇంటిపై ఒక వాటా వేయుటకు వీలున్నదేమో ముందుగా చూడుడు. అందు స్థలమునకు మరల వెల పెట్టనక్కరలేదు. పునాది ఆ బరువును మోయునో లేదో ఇంజనీరుచేత పరీక్ష చేయించి, నగరపాలక సంస్థ అనుమతి తీసికొని మేడ వేసినచో, తక్కువ పెట్టుబడిపై అద్దె వచ్చును. అద్దెదారులతో వ్యవహారమెట్టిదో కూడ అనుభవమునకు వచ్చును.

కొననే వలెనన్నచో దస్తావేజుల విషయమున మొగమాటము పనికిరాదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయించుట మొదటి పని. కాని అందు కనిపించునవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. కోర్టు తగవులు, దాయాదుల వాటాలు తెలియుటకు వకీలు సలహా అవసరము. సింహాచల దేవస్థానపు పంచగ్రామములైన అడివివరము, వేపగుంట, పురుషోత్తపురము, వెంకటాపురము, చీమలాపల్లిలలో భూముల హక్కులపై దీర్ఘకాలముగా వివాదమున్నది. ప్రభుత్వము పేదలకిచ్చిన ఎసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టము నిషేధించినది. చౌకగా వచ్చినదని తొందరపడరాదు. కట్టుచున్న ఫ్లాటు కొనువారికి 2016 నాటి రెరా చట్టము అండగా నున్నది. దానిప్రకారము ఒప్పందము రిజిస్టరు కాకుండ బిల్డరు వెలలో నూటికి పదికి మించి పుచ్చుకొనరాదు. స్వాధీనమిచ్చిన ఐదేండ్లలో కట్టడపు లోపములు బయటపడినచో ఉచితముగా సరిచేయవలెను.

సముద్రపు ఉప్పుగాలి కిటికీ ఊచలను, స్లాబులోని ఇనుమును తినివేయును. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను తలుపులు, అద్దములు ఎంతటి గాలికి నిలువవలెనో ఈ ఊరికి నేర్పినది. కాబట్టి ఏటేటా రంగులకు, మరమ్మతులకు కొంత సొమ్ము వేరుగా దాచుట అవసరము. వేసవిలో నీరెట్లు వచ్చునో ఇరుగుపొరుగువారిని అడిగి తెలిసికొనవలెను.

చివరిమాట అద్దెదారును గూర్చి. ఎంత తెలిసినవారైనను కాగితము వ్రాసికొనుడు. అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయుటకు గడువు, ఏ మరమ్మతు ఎవరిది అన్నవి అందు స్పష్టముగా నుండవలెను. కులమేమి, కూరయేమి అని అడుగుటకంటె, పని యేమి, అద్దె సకాలమున ఇయ్యగలరా అని అడుగుట న్యాయము. అద్దెకిచ్చిన ఇల్లు మన ఆస్తియే గాని, అందలి కాపురము వారిది. కారుచున్న కుళాయిని అడిగిన వారమునకే బాగుచేయించు యజమాని యింట అద్దెదారు నాలుగేండ్లుండును. ఇల్లు ఖాళీ పడని ఆ నాలుగేండ్లే మన లెక్కలో అసలైన లాభము.